పింగ్, పాంగ్, అన్న ఫోను

ఆ రోజుల్లో నేను ఏం పని చేసేదాన్నో జనగామలో ఎవరికీ తెలియదు. ఓనరమ్మ అడిగితే "కంప్యూటర్ పని" అన్నాను. ఆవిడ జిరాక్స్ సెంటర్ అనుకుంది. నేనూ కాదనలేదు. అసలు సంగతి చెప్పాలంటే ఆవిడ పొయ్యి మీద పప్పు మాడిపోయేది.

సంగతి ఇదీ. మధ్యలో పెద్ద సర్వర్ అంటూ ఏదీ లేకుండా, లోకంలో ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుని ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్ ఒకటుండేది. అందులో ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు. ఆ నోడ్‌లను పలకరించే కోడ్‌ను ప్రతివాళ్లూ మొదటి నుంచి రాసుకోనక్కర్లేకుండా, తమ ప్రోగ్రాంలో పెట్టుకుని వాడుకునేలా నేను ఒక లైబ్రరీ రాస్తున్నాను. ఎవరూ రాయమనలేదు. పొట్టకు వేరే చిల్లర పనులు చేసేదాన్ని, మనసుకు ఇది.

అంతకుముందు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉండేదాన్ని. మీటింగులో నేను "గిట్లయితే సర్వర్ ఆగుతది" అంటే, పక్క సీటతను ఆ మాటనే సాగదీసి మళ్లీ అనేవాడు. అందరూ నవ్వేవారు. సినిమాల్లో రౌడీలకు పెట్టే భాష నా నోట్లో వినబడితే వాళ్లకు అంత సరదా. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత మాట్లాడటం తగ్గించాను. ఒకరోజు టీ కప్పు అతని కీబోర్డు మీద ఒంపి, రాజీనామా రాసిచ్చి వచ్చేశాను. చెయ్యి జారింది అని అప్పుడు చెప్పాను కానీ జారలేదు.

నోడ్‌లు నాకు నచ్చింది అందుకే. వాటికి మర్యాద ఉంది. తలుపు తట్టిన నోడ్ ముందుగా తన వెర్షన్ ఎంతో, తన అడ్రస్ ఏమిటో చెప్పాలి. అవతలిది తనవి చెబుతుంది. ఒకటి కొత్తది, ఇంకోటి పాతదీ అయితే, కొత్తదే తగ్గి పాతదానికి అర్థమయ్యే తీరులో మాట్లాడుతుంది. నవ్వడం ఉండదు. ఆ తర్వాత చెప్పుకునే మాటలేమీ లేకపోయినా, అప్పుడప్పుడూ ఒకటి పింగ్ అంటుంది, రెండోది పాంగ్ అనాలి. ఉన్నావా అంటే ఉన్నాను అని, అంతే.

ఆ పింగ్, పాంగ్ నాకు కొత్త కాదు. మా అన్నతో ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

మాది నర్సింహులపేట దగ్గర ఒక ఊరు. నా పదో తరగతి కాకముందే అమ్మా నాయినా ఇద్దరూ పోయారు. అన్న భూపాలపల్లిలో బొగ్గుబాయి, అంటే గని పనికి కుదిరి, నన్ను మహబూబాబాద్‌లో హాస్టల్లో పెట్టి చదివించాడు. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. అందుకని షిఫ్ట్ అయిపోయి పైకి రాగానే నాకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. బాయి మీదికి వచ్చాను, బతికే ఉన్నాను అని దాని అర్థం. నేను తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని. సరే అని దాని అర్థం. ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఏదో జరగరానిది జరిగినట్టు.

పైసలు మిగలాలని మొదలైన పద్ధతి, పైసలు ఉన్నప్పుడు కూడా మారలేదు. పండుగలకు వదిన ఫోన్ చేసేది, ఆవిడతోనే నాలుగు మాటలు. అన్న గొంతు ఎలా ఉంటుందో ఒక్కోసారి గుర్తు తెచ్చుకోవలసి వచ్చేది. అయినా రోజూ ఆ ఒక్క రింగు వస్తే కడుపులో చల్లగా ఉండేది. మా ఇద్దరికీ అది చాలనే అనుకున్నాను.

తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగిన ఏడాది బాయిలు కూడా ఆగిపోయాయి. బొగ్గు రాలేదు కాబట్టి కరెంటు రాలేదు. బస్సులు డిపో దాటలేదు. భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ అప్పటికి ఒకే జిల్లా కానీ, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడమంటే పెద్ద ప్రయాణమైపోయింది. అన్న బాయి దిగడం లేదు కాబట్టి మిస్డ్ కాల్ కూడా ఆగిపోయింది. భయం పోయినందుకు సంతోషించాలి. కానీ సాయంత్రం నాలుగయ్యేసరికి ఫోన్ వంక చూసేదాన్ని, అది ఊరుకునేది. నేనే చేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. చేసి ఏం చెప్పాలి? మాకు మాటలు అలవాటు లేవు.

అంతకు కొన్నాళ్ల ముందే నీళ్ల దగ్గర పాత ఓనరుతో గొడవపడి, రైల్వే స్టేషన్ వెనక సందులో ఈ పైగదికి మారాను. కిటికీలోంచి ప్లాట్‌ఫారం చివర కనబడేది. పట్టాల మీద జనం కూర్చుని నినాదాలిచ్చేవారు. స్టేషన్ ముందు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించేవారు. ఊరంతా ఒక్కటైన కాలం అది. నేనొక్కదాన్నే పైగదిలో ఉండిపోయాను. దిగి వెళ్తే ఎవరూ వద్దనరు. కానీ ఎవరి బిడ్డవు, ఏడ పని చేస్తవు అని అడుగుతారు. ఆ జవాబులు చెప్పే ఓపిక లేక, దానికి పని అని పేరు పెట్టుకుని కూర్చున్నాను. ఒంటరితనం కొన్నాళ్లకు పొగరులా కనబడుతుంది, మనకే.

ఒకరోజు పొద్దున రెండు గంటలు కరెంటు వచ్చింది. ల్యాప్‌టాప్ నిండా చార్జ్ చేసుకుని, నెట్ డాంగిల్ పెట్టి, కొత్త కోడ్ పరీక్షిస్తున్నాను. ప్రోగ్రాం మిగతా భాగంతో సంబంధం లేకుండా, పింగ్ రాగానే నా లైబ్రరీయే అడుగు నుంచి దానంతటది పాంగ్ అని బదులిచ్చే ఏర్పాటు అది. ఎక్కడో సముద్రాల అవతల ఒక నోడ్ పింగ్ అంది, నాది పాంగ్ అంది. నాకు ఎంత ఆనందమైందంటే గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. అప్పుడే ఫోన్ మోగింది. అన్న. మోగి ఆగింది. అలవాటు ప్రకారం ఒక మిస్డ్ కాల్ తిరిగి ఇచ్చాను. మళ్లీ మోగింది. సమ్మెలో పొద్దుపోక చేస్తున్నాడు అనుకుని మళ్లీ ఇచ్చాను. మూడోసారి మోగితే విసుగొచ్చి సైలెంట్‌లో పెట్టాను. బ్యాటరీ అయిపోతుందని నా తొందర నాది.

వారం తిరిగేసరికి, నా లైబ్రరీ వాడుతున్న ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి ఫిర్యాదు రాశాడు. ప్రోగ్రాం బిగుసుకుపోయి ఏ మాటా వినని స్థితిలో ఉన్నా, మీ లైబ్రరీ మాత్రం పింగ్‌కు పాంగ్ అంటూనే ఉంది, అది బాగానే ఉందనుకుని అవతలివాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోతున్నారు, అని. నాకు మండింది. నీకు వాడటం రాదు అని ఘాటుగా బదులిచ్చాను.

ఆ మర్నాడే వదిన ఫోన్ చేసింది.

"ఏంది పిల్లా, మీ అన్న గంత దూరం వస్తె ఫోన్ ఎత్తకపోతివట?"

"ఎక్కడికొచ్చిండు వదినా?"

"జనగామకే. రెండు లారీలు మారి వచ్చిండు. నీ రూంకు పోతె ఖాళీ చేసి పోయిందన్నరట, ఏడికి పోయిందో తెల్వదన్నరట. పొద్దంత స్టేషన్‌ల కూసున్నడు. గాడ వండి పెడ్తుంటె ఇంత తిన్నడట. చెల్లె ఒక్కతే ఉంటది, కరెంట్ లేదు, పది దినాలు మనతోని ఉంటది అని తీస్కరానీకె వచ్చిండు."

"మరి నాకు చెప్పకపోయెనేంది?"

"ఎట్ల చెప్తడు? నువ్వు మిస్డ్ కాల్ ఇస్తివి గద. బాగనే ఉన్నది, పనిల ఉన్నట్టుంది అని వాపస్ వచ్చిండు."

ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీలు కనబడ్డాయి. ఆ రోజు ఒక్కసారి తల తిప్పినా సరిపోయేది. ఎవరో తెలియని యంత్రాలకు ముందు నీ అడ్రస్ చెప్పు అని నేర్పుతూ కూర్చున్నాను, గది మారిన సంగతి తోడబుట్టినవాడికి చెప్పలేదు. చాలాసేపు ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, అందుకే గట్టిగా ఏడవలేకపోయాను.

ఆ ఫిర్యాదుదారుకు క్షమాపణ రాసి, కోడ్ మార్చాను. ప్రోగ్రాం నిజంగా విని, బదులివ్వమంటే తప్ప ఇకమీద నా లైబ్రరీ పాంగ్ అనదు. అది ఒక పూట పని. అన్నకు ఫోన్ చేయడమే చేతకాలేదు. నంబరు తీయడం, మళ్లీ పెట్టేయడం. అలా రోజులు గడిచి, సమ్మె ముగిసి, బాయిలు తెరిచారు.

మొదటి షిఫ్ట్ రోజు సాయంత్రం ఫోన్ మోగింది. ఒక్క రింగు పూర్తి కాకముందే ఎత్తాను.

"ఏమైంది చెల్లె? ఏమైంది?" అన్నాడు అన్న.

"ఏం కాలే అన్నా. ఊకెనే ఎత్తిన."

"ఊకెనేనా? పానం బాగుందా?"

"బాగుంది. నేను రూం మారిన, నీకు చెప్పలే. అడ్రస్ చెప్త, రాస్కో."

"పెన్ను లేదు. చెప్పు, యాది పెట్టుకుంట."

చెప్పాను. స్టేషన్ వెనక గేటు, కట్టెల అడితి పక్క సందు, మూడో ఇల్లు, పైగది. అన్న ఒక్కో ముక్క తిరిగి అంటూ వచ్చి, చివరి ముక్క అనకుండా ఆగాడు.

"స్టేషన్ ఎన్కనేనా చెల్లె?"

"ఔనన్నా."

"నేను గాడనే కూసున్న గద."

"ఎరికే అన్నా."

అవతల షిఫ్ట్ దిగినవాళ్లు ఒకరినొకరు కేకేసుకోవడం వినబడింది. ఇద్దరం ఫోన్ పెట్టలేదు. అన్న ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోయి లైన్ తెగేదాకా అలాగే పట్టుకుని ఉన్నాం.