ఉలవలు ఎత్తించిన రోడ్డు

ట్రాఫిక్ లేని రోడ్డు అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోడ్డు గురించి ఆ మాట మొదట అన్నది నేనే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. బెల్లం దిమ్మల మధ్య పుట్టి పెరిగి, నలభై దాటాక షుగరు తెచ్చుకున్నవాణ్ణి. రోజూ నడవమన్నాడు డాక్టరు. నాకు నడక కుదరదు. నాలుగడుగులు వేస్తే ఎవడో ఒకడు ఆపి, ఇవాళ మార్కెట్లో బెల్లం ఎలా ఉందని అడుగుతాడు. అందుకని గేర్ల సైకిలు కొన్నాను. హైవే మీద నాలుగు రోజులు తొక్కి, లారీల హారన్లకి గుండె దడ పట్టుకుని మానేశాను. తుమ్మపాల దాటి, చెరకు తోటల మధ్య నుంచి కొండల వైపు తిరగడం మొదలుపెట్టాకే నాకు సైకిలంటే ఏమిటో తెలిసింది.

అక్కడ కొత్తగా తారు వేసిన సన్న రోడ్డు ఒకటి రెండు కొండల మధ్య నుంచి ఎక్కి అవతలికి దిగుతుంది. పొద్దున ఒక షేర్ ఆటో వెళ్తుంది, సాయంత్రం అదే తిరిగొస్తుంది. అంతే. ఎక్కేటప్పుడు ఊపిరి అందక తిట్టుకుంటాను, దిగేటప్పుడు చిన్నపిల్లాడిలా కేక వేస్తాను. రెండేళ్ళు ప్రతి ఆదివారం అదే నా పని.

దిగుడు మధ్యలో ఇరవై గడపల ఊరుంది. మొదటి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ నాకు మంచినీళ్ళు ఇచ్చేది. కొండ వాలులో ఆమెకి చిన్న పొలం చెక్క ఉంది. అందులో వరి పండదు, ఉలవలు చల్లుతుంది. ఏడాదంతా ఆమె తినేది అవే, మళ్ళీ ఏడు చల్లేదీ వాటిలోంచి తీసిన విత్తనమే. ఆమె అత్తగారి నాటి నుంచి ఆ విత్తనం బయట కొన్నది లేదట. "కొట్లో ఇత్తనం కొండ మీద బతకదు బాబూ" అనేది.

పంట కోశాక ఆ ఊళ్ళో అందరూ ఉలవ కట్టె, అంటే కాయలతో పీకిన మొక్కలు, తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. ఎండకి ఎండుతుంది, బండి చక్రాల కింద కాయ పగిలి గింజ రాలుతుంది. వేరే కళ్ళం అక్కర్లేదు. ఉన్నది ఒక్క ఆటో కనక నా సైకిలుకి కూడా అక్కడ గిరాకీ ఉండేది.

"ఓపాలి అటూ ఇటూ తొక్కీ బాబూ, నీ బరువుకి బాగా రాల్తాయి" అనేది ముసలమ్మ. నా బొజ్జని మెచ్చుకున్న మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

ఇంత చక్కని సంగతి నాలో దాచుకోవాలి కదా? దాచుకోలేదు. మా ఆవిడ అన్నయ్య, మా బావ, విశాఖపట్నంలో సైకిళ్ళ వాళ్ళ గుంపులో ఉన్నాడు. కార్ల వెనకాల సైకిళ్ళు కట్టుకుని ఊళ్ళు తిరిగే గుంపు అది. వాళ్ళ దగ్గర గొప్పలు పోదామని, "మా దగ్గర ట్రాఫిక్ లేని కొండ రోడ్డుంది బావా" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోడ్డు మీద గింజలు రాల్చేవాళ్ళున్నారు, నులక మంచం వేసుకుని పిల్లకి తల దువ్వేవాళ్ళున్నారు, మేకలున్నాయి. అవేవీ లారీలు కావు కాబట్టి నా లెక్కలో అది ఖాళీ రోడ్డు.

మాఘమాసంలో బావ ముందు తనొక్కడూ వచ్చి చూశాడు. ఎక్కడం వరకూ బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు ఉలవ కట్టె మీదికి రివ్వున వచ్చేశాడు. తీగలు వెనక గేర్లకి చుట్టుకుని, బావ పక్కకి పడ్డాడు. మోచెయ్యి గీసుకుంది. ముసలమ్మే పరిగెత్తుకొచ్చి పసుపు పెట్టింది. నెమ్మదిగా దిగి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కానీ ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా రోడ్డుదేనన్నాడు బావ. "ఆదివారం పద్దెనిమిది మందిని తెస్తున్నాను బావా. రోడ్డు క్లియర్‌గా ఉండాలి. ఒక్కడు పడ్డా నా పరువు పోతుంది" అన్నాడు.

అతని పరువు గురించి నాకెందుకు? అయినా శనివారం మధ్యాహ్నం తగుదునమ్మా అని స్కూటరెక్కి వెళ్ళాను. ఊళ్ళో నలుగురినీ పిలిచి, రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు, రోడ్డంతా ఖాళీ చెయ్యాలని చెప్పాను.

ముసలమ్మ కట్టె తిరగేస్తూ ఆగింది. "ఎండ కాత్తంది బాబూ. ఇంకో రెండ్రోజుల్లో నూర్పయిపోద్ది. సోమారం తీసేత్తే సాలదా?"

"రేపేనమ్మా వచ్చేది. వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఒక్క పరక కూడా రోడ్డు మీద ఉండకూడదు. వెళ్ళిపోగానే మళ్ళీ పరుచుకుందురు గాని."

ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనెవరినని ఊరుకున్నారో నాకు తెలీదు. పంచాయితీ వాణ్ణి కాను, రోడ్ల శాఖ వాణ్ణి కాను. రెండేళ్ళు వాళ్ళ నీళ్ళు తాగినవాణ్ణి, అంతే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నా కళ్ళ ముందే కట్టెంతా ఎత్తి, రోడ్డు వారన నేను చూపించిన పల్లంలో కుప్పలు వేశారు.

ఆ రాత్రి వాన పడింది. మాఘంలో వానేమిటని నాకు నిద్రలోనే తిక్క రేగింది. కుప్పలు గుర్తొచ్చాయి. కప్పుకుని ఉంటారులే అని అటు తిరిగి పడుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకి పద్దెనిమిది మందీ కార్లలో అనకాపల్లి దిగారు. ఒంటికి అంటుకున్న బట్టలు, నల్లద్దాలు. తలెత్తి మబ్బు చూశారు. తడి రోడ్డు మీద దిగుడు ప్రమాదమని ఒకాయన అన్నాడు. తన టైర్లు బురదకి పనికిరావని ఇంకొకాయన అన్నాడు. ఐదు నిమిషాల్లో కొండ ఎక్కేది లేదని తేల్చేసి, టిఫిన్ హోటల్‌కి వెళ్దామన్నారు. పెసరట్లు తిన్నారు. సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. "మళ్ళీ వారం చూద్దాం బావా, రోడ్డెక్కడికీ పోదు కదా" అని మా బావ నా భుజం తట్టాడు.

ఆ చెయ్యి విదిలించి కొట్టాల్సింది. కొట్టలేదు. రెండో కాఫీ చెప్పాను. ఆ ఊరి ఆటో అబ్బాయి నంబరు నా ఫోనులో ఉంది. రావట్లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎనిమిదింటికల్లా ఎండ చుర్రుమంది. అయినా నేను వాళ్ళ జోకులకి నవ్వుతూ కూర్చున్నాను. కార్లు వెళ్ళాక, పదిన్నరకి, ఎండ బాగుంది కదా అని సైకిలెక్కాను.

కొండ దాటి దిగుతుంటే రోడ్డు నల్లగా, పొడిగా మెరుస్తోంది. ఒక్క పరక లేదు. చీపుళ్ళతో ఊడ్చినట్టున్నారు. ఊరు ఊరంతా రెండు పక్కలా కూర్చుని ఉంది. పిల్లలు రోడ్డు మీదికి రాకుండా తల్లులు రెక్క పట్టుకుని ఉన్నారు. కుప్పల మీద టార్పాలిన్లు కప్పే ఉన్నాయి. కానీ రోడ్డు మీద పడ్డ నీళ్ళన్నీ పల్లంలోకి జారి, కుప్పల్ని కింది నుంచి నానబెట్టేశాయి. నేను చూపించిన పల్లంలోకే.

సైకిలు పడేసి, ముసలమ్మ కుప్పలో చెయ్యి పెట్టాను. లోపల వేడిగా ఉంది. ముక్కిపోయిన వాసన వచ్చింది. గింజలు నానబోసినట్టు ఉబ్బాయి.

"విత్తనానికి?" అన్నాను.

"ఇంకేటి పనికొత్తాయి బాబూ. ఉన్నకాడికి ఉడకేసుకుంటాను. మిగిల్నాయి ఎవులి ఎద్దులకో ఎట్టేత్తాను." ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"పొద్దున్నే ఎండ వచ్చింది కదమ్మా! అప్పుడే పరిచేసి ఉంటే సగమైనా దక్కేవి. ఎందుకలా కూర్చున్నారు?" అని అరిచాను. అవును, ఆమె మీదే అరిచాను.

"నువ్వు సెప్పేవు గదా బాబూ, ఆళ్ళు ఎల్లిందాకా ఒక్క పరక ఉండకూడదని. ఇంకా రాలేదు గదా అని సూత్తన్నాం." కొండ వైపు ఓసారి చూసి, నా వైపు తిరిగింది. "ఆళ్ళు ఇంకెటేపన్నా ఎల్లిపోనారా? ఇంక పరుసుకోమా?"

ఊరంతా నా మొహమే చూస్తోంది.

"పరుచుకోండి" అన్నాను. వాళ్ళ ఊరి రోడ్డు మీద, వాళ్ళ ఉలవలు ఆరబెట్టుకోడానికి, బెల్లం కొట్టు వాణ్ణి, నేను అనుమతి ఇచ్చాను.