ఎత్తే ముందు

నా భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ బలహీనపడిన తరువాత, ఆసుపత్రికి కాకుండా మేం బాపట్ల దాటి వెళ్ళింది ఒక్కసారే. రేపల్లె వెళ్ళాం. ఆమె లేని ఇంట్లో ఇప్పుడు ఎక్కువగా గుర్తుకు వచ్చేది ఆ ప్రయాణమే. అందులో చెప్పుకోదగ్గ సంఘటన ఒక్కటే ఉంది. అది తెనాలి స్టేషనులో జరిగింది.

రేపల్లె ఆమె పుట్టిన ఊరు. వాళ్ళ అమ్మ సమాధి అక్కడే ఉంది. ఏటా సమాధుల పండుగకు దానికి సున్నం వేయించి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించేది ఈమే. తోబుట్టువులు లేరు. జబ్బు చేసిన ఏడాది వెళ్ళలేకపోయింది. ఆ సాయంత్రం అంతటా వెలుగుతుంటే మీ అమ్మ దగ్గర మాత్రం చీకటిగా ఉందని, వాళ్ళ పక్కింటి పిన్నిగారు ఫోనులో చెప్పింది. నొప్పించాలని అన్న మాట కాదు. కానీ ఆ మాట ఈమెను వదల్లేదు.

మరుసటి ఏడు పిన్నిగారే ఫోను చేసి, "నువ్వు రావద్దులేవే, నేను వెలిగిస్తాగా" అంది.

"నేనుండగా నువ్వు వెలిగించడమేంటి పిన్నీ" అని ఈమె ఫోను పెట్టేసింది. తరువాత నాతో, "వెళ్దామండి. కానీ ఒక్క మాట. నన్నెవరూ ఎత్తకూడదు" అంది.

ఆసుపత్రిలో ఆమెను మంచం మీద నుంచి స్ట్రెచరు మీదకు, స్ట్రెచరు మీద నుంచి మంచం మీదకు ఎంతోమంది ఎత్తారు. వాళ్ళలో వాళ్ళు క్రికెట్ గురించి మాట్లాడుకుంటూనే ఎత్తేవారు. ఈమె తండ్రి రేపల్లెలో బియ్యం మిల్లు గుమాస్తా. చిన్నప్పుడు మిల్లులో చూసింది చెప్పేది. "బస్తా లేపే ముందు కూడా ఒకళ్ళనొకళ్ళు 'పట్టావా? లేపనా?' అని అడుగుతారండి. మనిషిని అడగరేంటి?"

కారులో కాలు ముడుచుకుని కూర్చుంటే కాసేపటికే పట్టేసేది. రైల్లో అయితే చాపుకోవచ్చు. బాపట్ల నుంచి తెనాలి, అక్కడ దిగి రేపల్లె బండి. మాకు అలవాటైన దారే. పెళ్ళయిన కొత్తలో సంచులు పట్టుకుని పరుగెత్తి మారిన స్టేషనే. ఇప్పుడు అదే దారిని కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

వంటింట్లో పీట ఒకటి ఉండేది. దాని కాళ్ళు వడ్రంగి చేత ఎత్తు చేయించి, అడుగున రబ్బరు కొట్టించాను. ప్లాట్‌ఫారానికీ బోగీ మెట్టుకీ మధ్య అది వేస్తే ఆమె తన కాలి మీద తానే ఎక్కగలదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. వరండా మెట్టు దగ్గర సాయంత్రం పూట సాధన చేసేవాళ్ళం. ఆమెకు విసుగొస్తే, "బండి కదిలిపోయిందండి, రేపు చూద్దాం" అని చక్రాల కుర్చీలో కూలబడేది.

ఒకరోజు ఒంటరిగా తెనాలి వెళ్ళాను. లిఫ్టు పనిచేస్తోంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన రేపల్లె బండి ఏ ప్లాట్‌ఫారం మీద ఆగిందో, వికలాంగుల బోగీ ఎక్కడ ఆగిందో చూశాను. దాని తలుపు వెడల్పుగా ఉంటుంది, లోపల పట్టుకోవడానికి కడ్డీలుంటాయి. వెనక చివర ఆగింది. అక్కడి స్తంభం గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చి చెప్పాను.

"రోజూ అక్కడే ఆగుతుందా? ఎవర్నన్నా అడిగారా?"

"నా కళ్ళతో చూశాను కదా."

"ఒక్కరోజు చూశారు" అంది.

పండుగ రోజు బాపట్లలో అనుకున్నట్టే ఎక్కింది. తెనాలిలో అనుకున్నట్టే దిగింది. ఆమె చక్రాల కుర్చీ లిఫ్టులో సరిగ్గా పట్టింది. నేను గుర్తు పెట్టుకున్న స్తంభం దగ్గర ఆగాం. బంతిపూల సంచులతో, కొవ్వొత్తుల పొట్లాలతో జనం చాలామంది ఉన్నారు. ఒడిలో పీట పెట్టుకుని ఆమె ఉత్సాహంగానే ఉంది. "ఇది చూసి అందరూ నేను పేరంటానికి వెళ్తున్నాననుకుంటున్నారు" అంది.

బండి వచ్చింది. మా బోగీ ఇంజను వైపు ముందుకు వెళ్ళిపోయింది. ఆ రోజు పెట్టెల వరస తిరగబడి ఉంది. ప్లాట్‌ఫారం ఆ చివరికి, ఆ జనంలోంచి కుర్చీ తోసుకుంటూ వెళ్ళేలోపు బండి ఉండదు. ఎదురుగా మామూలు బోగీ. తలుపు నిండా మనుషులు. నేను పీట వేశాను. దాని మీద కాలు పెట్టడానికి కూడా ఎవరూ చోటివ్వలేదు. తరువాతి బండికి వెళ్తే సమాధుల దగ్గర ప్రార్థన అయిపోతుంది, చీకటి పడుతుంది.

లోపల నుంచి ఇద్దరు కుర్రాళ్ళు దూకారు. "తాతగారూ, మీరు పక్కకుండండి, మేం ఎక్కించేస్తాం" అంటూ ఒకడు కుర్చీ చక్రం పట్టుకున్నాడు, ఇంకొకడు ఆమె చంకలో చెయ్యి వేశాడు. ఆమె మంచి చేత్తో ఆ చేతిని తోసేసింది.

"ఆగు బాబూ! నన్నడుగు."

కూత వినిపించింది. వాడు బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. తలుపులో ఎవరో, "ఇప్పుడు అడిగేదేంటమ్మా, బండి కదుల్తోంది" అని నవ్వారు.

వాడు నవ్వలేదు. వంగి ఆమె మొహంలోకి చూసి, "ఎత్తమంటారా, అమ్మమ్మగారూ?" అన్నాడు.

ఆమె నావైపు చూడలేదు. "ఎత్తండి" అంది.

లోపల నేను కుర్చీ మడిచి, పీట దాని మీద పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాను. వేమూరు దాటాక, "కుచ్చిళ్ళు సరిచెయ్యండి" అంది. నేను వంగి సరిచేస్తుంటే, "మీరు చూసొచ్చిన స్తంభం బాగుంది" అంది. కాసేపటికి, "ఆ పిల్లాడు మంచివాడు. కానీ నేను ఎక్కలేదు కదండీ. ఎక్కించారు" అంది. కళ్ళు తుడుచుకుంది.

సమాధుల మధ్య కుర్చీ పట్టదు. నా భుజం పట్టుకుని ఆ కాస్త దూరం నడిచింది. వంగడం కుదరదు కనుక, తెచ్చిన పీట వేస్తే దాని మీద కూర్చుని కొవ్వొత్తులు వెలిగించింది. గాలికి ఆరిపోయినవి మళ్ళీ వెలిగించింది. ఆ రాత్రి పిన్నిగారింట్లో ఉండి మర్నాడు తిరిగొచ్చాం. రేపల్లె స్టేషనులో మా బోగీ ఎటువైపుందని టీ అమ్మే ఆయన్ని ఆమే అడిగింది.

మళ్ళీ పండుగ రాకముందే రెండోసారి పక్షవాతం వచ్చి ఆమె పోయింది. వాళ్ళమ్మ పక్కనే చోటు ఉంది. రేపల్లెకు వ్యానులో తీసుకెళ్ళాం. ప్రార్థన అయ్యాక సంఘం యువకులు నలుగురు శవపేటిక దగ్గరకు వచ్చి వంగారు. వెనక నుంచి ఎవరో, "ఎత్తండి, ఎత్తండి" అన్నారు.

"ఆగండి" అన్నాను.

అందరూ ఆగారు. పాస్టరుగారు దగ్గరకొచ్చి నెమ్మదిగా, "ఏంటి సార్?" అని అడిగారు.

"ఏం లేదండి" అన్నాను. ఎత్తారు.