వాల్వు మీద పోసిన రోడ్డు

దిలావర్ పదేళ్లు కార్పొరేటర్‌గా చేశాడు. అంతకుముందు అమీర్‌పేటలో జిరాక్స్ దుకాణం. కోచింగ్ పిల్లల కాగితాలతో పాటు ఇరుగుపొరుగు దరఖాస్తులూ నింపిపెడుతూ, ఓపిగ్గా నింపీ నింపీ నాయకుడయ్యాడు. మూడోసారికి వార్డు మహిళలకు రిజర్వయింది. భార్య బతూల్‌ను నిలబెడదామనుకుంటే, "నేను గెలిస్తే వంట నువ్వు చేస్తవా?" అని ఒక్క మాటతో తేల్చేసిందామె. ఆ సీటు మధులత అనే కొత్త అమ్మాయి గెలిచింది. దిలావర్ మళ్లీ జిరాక్స్ మిషన్ పక్కకే చేరాడు.

అయినా పంజాగుట్టలో ఆయన గల్లీ ఆయన్ను మాజీ కానివ్వలేదు. పెళ్లిళ్లలో ఇంకా ముందు వరస కుర్చీయే.

ఈ ఎండాకాలం గల్లీ చివరి ఆరిళ్లకు వారం రోజులు నల్లా బంద్. "లోపల వాల్వు పట్టేసినట్టుంది, అదెక్కడుందో దొరుకుత లేదు" అని లైన్‌మన్ ఐలయ్య తల గోక్కున్నాడు.

ఆ ఆరిళ్లలో ఒకింటి వజ్రమ్మ బిందె దించి అందుకుంది. "గా మధులత వచ్చింది, నీళ్లు పోయినయ్! మా దిలావర్ భాయ్ ఉన్నప్పుడు గిట్లుండెనా?"

దిలావర్ నవ్వుతూ తలూపబోయి ఆగిపోయాడు. ఎన్నికల కోడ్ రేపనగా ఆదరాబాదరాగా పోయించిన సిమెంటు రోడ్డు గుర్తొచ్చింది. వాల్వు మూత రోడ్డు కింద పడిపోకుండా ఎత్తు పెంచాలని మేస్త్రీ మొత్తుకుంటే, "అది తర్వాత, ముందు పోయ్" అన్నది తనే.

ఇంటికొచ్చి బతూల్‌కు చెప్పాడు.

"మరి చెప్పెయ్ వాళ్లకు."

"ఇజ్జత్ పోతది."

"వజ్రమ్మ మోకాళ్లు పోతున్నయి నీళ్ల ట్యాంకరెంట ఉరికి ఉరికి. జర అవి సుత చూడు."

పొద్దున్నే వెళ్లి కరెంటు స్తంభం నుంచి అడుగులు లెక్కపెట్టి నిలబడ్డాడు. "గీడ పగలగొట్టు ఐలయ్యా. నేనే కప్పించిన."

గల్లీ అంతా ఆయన చుట్టూ మూగింది.

"వారం సంది ఉత్తగ తిట్టిన కదా ఆ పిల్లను!" అంది వజ్రమ్మ.

"గా తిట్లన్నీ నాకు తిప్పెయ్ వజ్రమ్మా."

తిప్పేసింది, ఒక్కటీ మిగల్చకుండా. దిలావర్ అన్నీ నిలబడి విన్నాడు. మధ్యాహ్నానికి వాల్వు కదిలింది, బురదనీళ్లు, ఆ వెనకే మంచినీళ్లు వచ్చాయి.

సాయంత్రం మధులత ఫోన్ చేసింది. "దిలావర్ భాయ్, నిజం చెప్పు. ఇంకెన్ని కప్పినవ్?"

దిలావర్ వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. "నాలుగున్నయ్ అమ్మా. రేపు పొద్దున రా, నడుచుకుంట చూపిస్త."