వెనుక ఇంజిను బస్సుకు పూజ

మా చెల్లెలి భర్తకు ఒక బస్సు ఉంది. ఇంగ్లండులో తయారై, సింగపూరు వీధుల్లో ఏళ్ల తరబడి తిరిగి, తుక్కుకు పోవలసిన దశలో ఆయన చేతికి చిక్కింది. పదవీ విరమణ తరువాత మనుషులు మనవలను లాలిస్తారు. మా బావ సింగపూరులోనే యూ టీ అనే పేట దగ్గర ఒక షెడ్డు అద్దెకు తీసుకుని బస్సును లాలించసాగాడు.

దాని చరిత్ర మా బంధువర్గంలో తెలియనివారు లేరు. తప్పించుకునే వీలు లేకపోవడమే అందుకు కారణం. పూర్వం ఇంజిను ముందుండేది. డ్రైవరు దాని పక్కన ఒంటరిగా కూర్చునేవాడు. ఎక్కే ద్వారమూ కండక్టరూ వెనుక ఉండేవారు. ఆంగ్లేయులు ఇంజినును వెనక్కు మార్చగానే ద్వారం డ్రైవరు పక్కకు వచ్చింది, టికెట్ల పని కూడా అతని మీదే పడింది, కండక్టరు ఇంటికి వెళ్లాడు. ఈ నాలుగు మాటలను మా బావ పెళ్లి భోజనంలో పులిహోర నుంచి పెరుగు దాకా సాగదీయగలడు.

నిరుడు షెడ్డు యజమాని ఖాళీ చేయమన్నాడు. తనిఖీలో నెగ్గి, పండుగలకూ ప్రదర్శనలకూ రోడ్డెక్కే అనుమతి వస్తే బస్సుకు వేరొక చోట నీడ దొరుకుతుంది. రాకపోతే తుక్కే.

తనిఖీనాటి ఉదయం మా చెల్లెలు వుడ్‌ల్యాండ్స్‌లోని ఇంటి నుంచి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, సంచీడు బంతిపూల దండలు మోసుకొచ్చింది.

“పూజ కాకుండా స్టార్ట్ చేస్తే నేనూరుకోను. ఇంజినెక్కడండీ?”

“వెనకాల! ఇన్నేళ్లు చెప్పాను కదే!”

వెంటనే ఆమె వెనక్కు నడిచింది. నేను అభ్యంతరం తెలిపాను. “పూజ ముఖానికి చేయాలి. మనిషికి బొట్టు గుండె మీద పెడతామా?”

“నడిపించేది ఇంజినే కదా అన్నయ్యా. ముఖం ఊరికే చూస్తూ ఉంటుంది, నీలాగ.”

చదువుకున్నవాణ్ణి కనుక వాదన పెంచలేదు. ఆమె వెనుకనున్న ఇనుప జాలీకి పసుపు గుడ్డ కట్టి, దానిపై దండలు ఒత్తుగా వేలాడదీసింది. చూడముచ్చటగా ఉందని ఒప్పుకోక తప్పదు.

తనిఖీ అధికారి ఒక చైనీయ యువకుడు. ఇంజిను నడుస్తుండగా దీపాలు, బ్రేకులు, తలుపులు నిదానంగా పరీక్షించాడు. అంతా సవ్యంగా సాగుతుండగా డ్రైవరు సీటు దగ్గర హెచ్చరిక గంట మోగింది. వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బావ చటుక్కున ఇంజిను ఆపాడు.

అధికారి బస్సు వెనక్కు వెళ్లి నిలబడిపోయాడు. “అంకుల్, గాలి పోయే దారంతా పూలతో మూసేశారు! హీట్ అవదా లా?” అన్నాడు, సింగపూరు వాళ్ల అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి.

“ఏమే, రేడియేటరుందే అక్కడ!”

“మీరు చెప్పింది కండక్టరు ఇంటికెళ్లిన సంగతి! రేడియేటరు ఊసు ఒక్కసారన్నా ఎత్తారా?”

ఆ గందరగోళంలో కొంత క్రమం అవసరమనిపించి, మొదట దండలు, పిదప గుడ్డ తీయవలసిందిగా ఆదేశించాను. ఎవరూ వినలేదు, ఇద్దరూ చెరొకవైపు లాగారు. బంతిపూల రేకులు అధికారి బూట్ల మీద రాలాయి.

ఇంజిను చల్లారేవరకు ఎదురుచూశాం. మా బావ బస్సుకు చేయి ఆనించి, మొట్టమొదటిసారి ఏ చరిత్రా చెప్పకుండా నిలుచున్నాడు. ఫెయిలని రాసేసి అధికారి వెళ్లిపోవచ్చు. ఆ యువకుడు వెళ్లలేదు. మళ్లీ స్టార్ట్ చేయించి, చాలాసేపు ముల్లునే గమనించాడు. అది ఎర్రగీత దాకా పోలేదు.

“పాస్, అంకుల్. ఈ ఆవరణలోనే ఒక రౌండ్ వేయండి.”

అధికారి కిందికి దిగీ దిగగానే బస్సు కదిలింది. మేమెవ్వరం ఎక్కనేలేదు. చెల్లెలు ఫోను అందుకుంది. “ఏవండీ, ఆగండి! అన్నయ్య ఇక్కడే ఉన్నాడు!”

“ఆపితే ఆ అబ్బాయి మనసు మార్చుకుంటాడేమోనే!” అవతలి నుంచి బావ గొంతు వినిపించింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

అధికారి తన చేతులు చూసుకుని ఉలిక్కిపడ్డాడు. “ఆంటీ, నా బ్యాగ్ అందులోనే ఉంది లా!”

బస్సు మలుపు తిరిగి మా వైపు వస్తుండగా, బస్‌స్టాపులో లాగ వాళ్లిద్దరినీ నా వెనుక వరుసలో నిలబెట్టాను.