చీమకి బారసాల

ఆ రోజుల్లో లోకంలోని పనులన్నీ నాకోసమే ఆగి ఉన్నాయనీ, నేను ఒక్క పూట ఆలస్యం చేస్తే ఇంకెవరో ఎగరేసుకుపోతారనీ నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, రాజమండ్రిలో జువాలజీ ఎమ్మెస్సీ, మకాం పిన్ని ఇంట్లో. (మా ఊరు పెనుగొండ దగ్గర. రోజూ గోదావరి దాటి రావడం కుదరదని నాన్న నన్ను పిన్నికి అప్పగించారు. ఆ ఉపకారం సంగతి పిన్ని ఇప్పటికీ నాన్నకి గుర్తు చేస్తూనే ఉంటుంది.) అన్నం తింటూ మధ్యలో రెండుసార్లు లేచి వీధి గుమ్మందాకా వెళ్ళొచ్చేదాన్ని. నవల కొంటే ముందు చివరి పేజీ చదివేదాన్ని. "కూర్చోవే బాబూ, పీటకేమన్నా మేకులున్నాయా?" అని పిన్ని అరుస్తూ ఉండేది. తొంభైల చివరి రోజులవి. ఒక ఉత్తరం రాస్తే జవాబు రావడానికి మూడు వారాలు పట్టే కాలంలో నాలాంటిదాన్ని పుట్టించడం దేవుడు చేసిన పొరపాటు.

ఆ ఏడాది మా క్లాసు వాళ్ళని బస్సెక్కించి మారేడుమిల్లి అడవికి తీసుకెళ్ళారు. వెంట వచ్చినాయన మా హెడ్డు, కప్పల మేష్టారు. ముప్పై ఏళ్ళుగా పిల్లల చేత కప్పలు కోయించి కోయించి ఆయనకా పేరు స్థిరపడింది. చాలా మెత్తని మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు, మూడు నెలల్లో రిటైర్మెంటు, ఆ తర్వాత ఆపరేషను. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆయన కిటికీలోంచి చూస్తూ, ఎవరితోనని కాకుండా, "చీమల్ని ఎవరూ పట్టించుకోరమ్మా. ఈ అడవిలో పేరు పెట్టని చీమలు ఎన్నున్నాయో! నేనూ చూద్దాం చూద్దాం అనుకుంటూనే సర్వీసంతా గడిపేశాను" అన్నారు. బస్సులో మిగతావాళ్ళు అంత్యాక్షరి ఆడుతున్నారు. ఆ మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే. వినగానే బస్సు ఆపించి దిగిపోదామా అనిపించింది.

అందరూ సీతాకోకచిలుకల వెనక పరిగెడుతుంటే నేను చెట్ల ఆకులు తిరగేస్తూ కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం, ఒక చెట్టు దగ్గర నిమిషానికి మించి నిలబడలేదు. ఆకుల్ని కలిపి కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలు మీకు తెలుసు కదా, మామిడికాయలు కోసేవాళ్ళ వీపులు బొబ్బలెక్కిస్తాయి, అవి ఉన్న కొమ్మమీదే కాస్త దూరంగా ఒకటి ఒంటరిగా తిరుగుతోంది. రంగు అదే, సన్నటి నడుమూ అదే. కానీ నడకలో ఏదో తేడా. బ్రష్షుతో తాకబోతే కొమ్మమీంచి దూకి, సన్నటి దారం పట్టుకుని గాలిలో వేలాడింది. నేను కేక పెట్టాను. నోట్సులో వెంటనే రాసుకున్నాను: "ప్రమాదం ఎదురైనప్పుడు దారం సాయంతో కిందికి దిగును. ఇంతవరకు ఏ చీమలోనూ ఈ లక్షణం నమోదు కాలేదు." (నమోదు కాకపోవడానికి బలమైన కారణం ఉండొచ్చని అప్పుడు తోచలేదు.)

సీసాలో పట్టి తెచ్చిన దాన్ని ఇంటికొచ్చాక చిన్న అట్టముక్క మీద బంకతో అంటించి, బాబాయిని అడిగి తీసుకున్న ఖాళీ వాచీ డబ్బాలో పెట్టాను. బాబాయికి మెయిన్ రోడ్డులో వాచీలు బాగుచేసే కొట్టు ఉండేది. కాలేజీ లైబ్రరీలో చీమలను పోల్చుకోవడానికి ఎప్పటిదో తెల్లదొరలనాటి పుస్తకం జిరాక్సు ఒకటి దొరికింది. అందులో అన్నీ ప్రశ్నలే. నడుముకి కణుపు ఒకటా, రెండా? ఒకటైతే ఫలానా పేజీకి వెళ్ళు, రెండైతే ఫలానా పేజీకి వెళ్ళు. అలా వెళ్ళగా వెళ్ళగా మన చీమ పేరు దొరకాలి. నాది ఏ దారిలో వెళ్ళినా గోడకి కొట్టుకుంటోంది. చీమల మీసాలు మోచెయ్యిలా వంగి ఉండాలట, దీనివి తిన్నగా ఉన్నాయి. కళ్ళు రెండుండాలి, దీనికి ఎదర నాలుగు కనబడుతున్నాయి. ఇంకెవరైనా అయితే ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. నేను మాత్రం తేడా దొరికిన ప్రతిసారీ గంతేశాను. ఒక తేడా ఉంటే కొత్త జాతి, ఇన్ని ఉన్నాయంటే కొత్త కుటుంబమే! పాపం ఆ పుస్తకం తప్పేమీ లేదు. చీమల పుస్తకం కాబట్టి, "ముందు ఇది చీమేనా?" అని అడగాలని దానికి తోచలేదు.

మేష్టారికి చెబితే మైక్రోస్కోపులోకి తొంగి చూసి, "నాకు మసగ్గా ఏదో ఎర్రగా కనబడుతోందమ్మా. నువ్వు బాగా చూశావు కదా?" అన్నారు. ఆరుసార్లు చూశానండీ అన్నాను. "అయితే వర్ణన రాసి, కొత్త జాతా కాదా తేల్చే మ్యూజియం వాళ్ళకి పంపు. జవాబు వచ్చేదాకా ఎవరికీ చెప్పకు" అన్నారు. ఆరు కాళ్ళూ రెండు మీసాలూ ఉన్న బొమ్మ వేసి, నాలుగు పేజీల వర్ణన రాసి పంపాను. ఎవరికీ చెప్పకుండా ఉండటం మాత్రం నావల్ల కాలేదు. ముందుగా ఆయనకే చెప్పాను, దానికి మీ పేరే పెడుతున్నానండీ అని. లాటిన్ పద్ధతిలో పేరు చివర ఒక 'ఐ' తగిలిస్తే చాలు. ఆయన తెల్లబోయి, "ఛఛ, వద్దమ్మా, నేనేం చేశానని? నీ పేరే పెట్టుకో" అని గదిలోంచి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న నన్ను పక్కకి పిలిచి జేబులోంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసి ఇచ్చారు. అందులో పొడి అక్షరాల్లో ఆయన పేరు. "స్పెల్లింగులో 'ఏ'లు రెండు వస్తాయి. చాలామంది ఒకటే రాస్తారు. మళ్ళీ దిద్దుబాట్లెందుకని..." అని నవ్వారు. ఆ నవ్వు చూశాక ఆ పేరు పెట్టకపోతే నేను బతికి ప్రయోజనం లేదనుకున్నాను.

ఇంక చూడండి నా అవస్థ. పోస్టుమాన్ వచ్చే వేళకి కాలేజీలో క్లాసు ఎగ్గొట్టి ఇంటికి, అతను రాకపోతే సైకిలేసుకుని పోస్టాఫీసుకి. రెండో వారానికల్లా నన్ను చూస్తే అతను వీధి మార్చేయడం మొదలుపెట్టాడు. ఈలోగా మేష్టారి వీడ్కోలు సభకి మా జూనియర్లు కార్డులు అచ్చు వేయించారు. నా నోటి చలవ వల్ల అందులో ఒక వాక్యం చేరింది: "ఈ శుభ సందర్భమున నూతన చీమ జాతికి మేష్టారి పేరిట నామకరణము జరుగును." ఆయన భార్య తరఫు వాళ్ళు పెద్దాపురం నుంచి వస్తున్నారని తెలిసింది. కార్డు చూసి పిన్ని నోరు నొక్కుకుంది. "చీమకి బారసాలేంటే! సెనగలు నానబెట్టమంటావా ఏంటి? ఆ మ్యూజియం వాళ్ళు ఔననాలా వద్దా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట వెనకటికి నీలాంటివాడే" అంది. నీకు సైన్సు తెలీదు పిన్నీ అన్నాను.

సభ రోజు వచ్చేసింది, ఉత్తరం రాలేదు. పొద్దున్నే డబ్బా పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే బాబాయి కొట్టుకి బయల్దేరుతూ ఆగాడు. "ఊరందరికీ చూపించావు, మా వాచీ డబ్బాలో పెట్టి నాకే చూపించలేదు. ఏదీ, ఇలా ఇయ్యి" అని కిటికీ దగ్గర కూర్చున్నాడు. కంట్లో భూతద్దం బిగించి, పట్టకారుతో అట్టముక్కని ఎత్తి వెలుతురుకి పెట్టాడు. వాచీ విప్పితే బాబాయి ముందు పళ్ళెంలో ముక్కలన్నీ వరసగా పేర్చి లెక్కపెడతాడు, బిగించేటప్పుడు మళ్ళీ లెక్కపెడతాడు. ఆ అలవాటే ఇక్కడా చూపిస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి.

"చీమకి ఎన్ని కాళ్ళే?" అన్నాడు.

"ఆరు బాబాయ్. కీటకం ఏదైనా ఆరే."

"మరి దీనికి ఎనిమిదొస్తున్నాయి."

"ముందరి రెండూ కాళ్ళు కాదు, మీసాలు. సభకి టైమవుతోంది, ఇచ్చెయ్యి."

"మీసాలైతే మొహమ్మీంచి రావాలి కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇవి ఛాతీ మీంచి వస్తున్నాయి, మిగతా కాళ్ళ వరసలోనే. నువ్వు పూసిన బంక అడ్డమొచ్చింది గానీ, పక్కనుంచి చూడు."

చూశాను. ఎనిమిది కాళ్ళు, ఎదరే నాలుగు కళ్ళు, దారం. ఇంటర్మీడియట్ పిల్లని లేపి అడిగినా సాలీడని చెబుతుంది. చీమలా వేషం వేసుకుని, ముందు కాళ్ళు రెండూ మీసాల్లా పైకెత్తి తిరిగే సాలీడు. ఎర్రచీమల జోలికి పక్షులు రావు కాబట్టి ఆ వేషం. పక్షుల కోసం వేసిన వేషానికి ఎమ్మెస్సీ ఫైనలియర్ దొరికింది.

"బాబాయ్, ఈవాళ్టికి ఊరుకుందాం. సభ అయిపోనీ. ఆయన సంతోషంగా ఉన్నారు. తర్వాత మెల్లిగా చెప్పుకోవచ్చు" అన్నాను. ఏడుపొస్తోంది నాకు.

బాబాయి భూతద్దం తీసి కన్ను నులుముకున్నాడు. "వాచీ ఆగిపోయిందని తెలిసీ ముళ్ళు తిప్పి, టైము సరిచేసి ఇచ్చేస్తామేంటమ్మా? నాలుగడుగులు వేశాక ఆయనకే తెలుస్తుంది. అప్పుడాయన నలుగురిలో ఉంటాడు."

డబ్బా పట్టుకుని సైకిలు మీద కాలేజీకి ఎలా వెళ్ళానో తెలియదు. ఏ దారిలో చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అని దారంతా అనుకుంటూ వెళ్ళి, తలుపు తీయగానే, "మేష్టారండీ, అది చీమ కాదండీ, సాలీడండీ" అనేశాను. ఆయన కొత్త పంచె కట్టుకుని ల్యాబులో ఒక్కరే కూర్చుని ఉన్నారు. బయట మైకు పరీక్ష చేస్తున్నారు. ఆయన కళ్ళజోడు తీసి కండువా కొసతో తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు. కొత్త పంచె మోకాలి దగ్గర మడత సర్దుకున్నారు. అంత పెద్దాయనకి నేను ఆశ పెట్టి లాక్కున్నానని అప్పుడు నిజంగా తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

"కాళ్ళు ఎనిమిదా?" అన్నారు.

"అవునండి. నేను... తొందరలో లెక్కపెట్టలేదండి."

"సర్లే." తర్వాత కుర్చీ మైక్రోస్కోపు దగ్గరికి జరుపుకుని, "అయితే ఆ సాలీడేంటో చూశావా?" అన్నారు.

లేదండి అన్నాను. "మరి చూడు. నాకు కనబడదు కదా, నువ్వు చూసి చెప్పు, నేను వింటాను. రాసింది చదవకు, అక్కడున్నది చెప్పు" అన్నారు. బయట ఎవరో తలుపు కొట్టి, దండలు వచ్చేశాయండీ అన్నారు. "వస్తున్నాం, ఉండండయ్యా" అని కేకేసి, నా వైపు చెవి పెట్టుకుని కూర్చున్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కాళ్ళు ఎనిమిదండి, ముందు జత మిగతావాటికన్నా సన్నం. "ఊఁ." ఎదర నాలుగు కళ్ళండి, మధ్యవి రెండూ పెద్దవి, నల్లగా మెరుస్తున్నాయి. "ఊఁ. నడుం?" మెడ దగ్గర నొక్కు ఉందండి, అందుకే తల వేరు ఛాతీ వేరు అనిపిస్తోంది. నిజానికి అది ఒకే ముక్క. "ఆఁ, అదీ! ఒంటి మీద నూగు ఉందా?" ఉందండి, తెల్లగా, పక్కనుంచి వెలుతురు పడితేనే కనబడుతోంది. ఒక్కో సంగతికీ ఆయన మొహం విచ్చుకుంటోంది. తెలియనిది తెలియదని చెప్పాను, కనబడనిది కనబడలేదన్నాను. అరగంట పట్టిందో, ఇంకా ఎక్కువే పట్టిందో. లేచేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కాయి.

సభలో ఆయనే మైకు తీసుకుని, "నా పేరు మోయవలసి వస్తుందని తెలిసి ఆ చీమ ఆఖరి నిమిషంలో సాలీడై తప్పించుకుందండి" అన్నారు. హాలంతా నవ్వింది. పెద్దాపురం చుట్టాలు కూడా నవ్వారు. నేను వెనక వరసలో స్తంభం చాటున నించుని నవ్వుతూ ఏడ్చాను. మ్యూజియం వారి కార్డు ఆ తర్వాత పది రోజులకి వచ్చింది: "దారం వదిలే చీమ గురించి చదివి సంతోషించితిమి. దయచేసి కాళ్ళు మరల లెక్కించగలరు. ఇది పెరటి మామిడిచెట్ల మీద సైతం కనిపించు సాలీడు అని మా ఊహ."

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం మేష్టారు మా ఇంటికి వచ్చారు. కళ్ళకి ఆకుపచ్చ అద్దాలు, ఆపరేషనై నాలుగు వారాలయిందట. కాఫీ తాగేదాకా కూడా ఆగలేదు. "మా పెరట్లో మామిడిచెట్టు ఉంది కదమ్మా. పొద్దున్న కొమ్మ మీద కనబడింది. ముందు చీమే అనుకున్నా. అప్పుడు నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి, ముందు కాళ్ళ సన్నం, మెడ దగ్గర నొక్కు, తెల్లటి నూగు. మా ఆవిడని పిలిచి చూపించాను. అన్నీ సరిపోయాయి. నువ్వు చెప్పినట్టే ఉంది, ఒక్కటి కూడా తేడా లేదు" అన్నారు. కొత్త కళ్ళతో ఆయన మొట్టమొదట చూసినవాటిలో అదొకటని తర్వాత వాళ్ళావిడ చెప్పారు.

జువాలజీ నాకు అన్నం పెట్టలేదు. తణుకులో బ్యాంకు ఉద్యోగం, కంప్యూటరు ముందు కూర్చోవడం బాగానే అలవాటైపోయింది. మేష్టారూ లేరు, బాబాయీ లేడు. ఎవరైనా, "మీరు జువాలజీ చదివారటగా, ఏమన్నా కనిపెట్టారా?" అని వేళాకోళానికి అడిగితే, అబ్బే ఏం లేదండీ అని తప్పించుకుంటాను. లోపలున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మాత్రం ఊరుకోదు, చెప్పెయ్ చెప్పెయ్ అని ప్రాణం తీస్తుంది. దాని పోరు పడలేక ఇదిగో, ఇన్నాళ్ళకి చెప్పేశాను.