మీటరు తిప్పని బండి

చిత్తూరులో పాత కార్లు అమ్మిపెట్టడం నా పని. ఇరవై ఏళ్ళుగా ఇదే తిండి పెడుతోంది. నేను చెప్పే లెక్కన నా దగ్గరికొచ్చిన ప్రతి బండీ ఒక్క చేతి మీద నడిచిందే, ప్రతి ఓనరూ రిటైరైన హెడ్మాస్టరే. మీటరులో కిలోమీటర్లు ఎక్కువ కనిపిస్తే, వాటిని వెనక్కి తిప్పించే మనిషి కూడా నాకు తెలుసు. సిగ్గు లేకుండా చెప్తున్నాననుకోకండి. సిగ్గుతోనే చెప్తున్నాను, కాకపోతే కాస్త ఆలస్యంగా.

అలాంటి నన్ను ఒకరోజు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపిన ఒక పెద్దమనిషి ఇంటికి పిలిపించాడు. ఆయనకు కళ్ళలో నీటికాసులు వచ్చి పక్కచూపు పోయింది. ఇక స్టీరింగు పట్టుకోవద్దని కంటి డాక్టరు గట్టిగా చెప్పాడట. కారు అమ్మాలన్నాడు. పెరట్లో షెడ్డు తలుపు తీసి, మెత్తటి గుడ్డ ముసుగు రెండు చేతులతో మడుచుకుంటూ వెనక్కి లాగాడు.

రెండే సీట్ల విదేశీ కారు, ఎర్రటి ఎరుపు, నడుము ఎత్తుకు మించి లేదు. వయసు పాతికేళ్ళు పైమాటే. ముందు భాగం అంత పొడుగ్గా, వెనక అంత పొట్టిగా ఎందుకుందో నాకు అర్థం కాలేదుగానీ, అట్లా కాకుండా ఇంకోలా ఉండకూడదని మాత్రం అనిపించింది. వంగి మీటరు చూశాను. పదకొండు వేల చిల్లర.

"ఎవరితో తిప్పించినావన్నా? పని శానా బాగా సేసినాడు" అన్నాను నవ్వుతూ.

ఆయన మొహం కారు రంగుకు తిరిగింది. "బయటికి నడువు" అన్నాడు.

నడిచేవాణ్ణే. అంతలో కింద బ్రేకు పెడల్ కంటబడింది. దాని రబ్బరు మీది గీతలు కొత్త చెప్పు అడుగులా నిలబడి ఉన్నాయి. మీటరుతో ఏమైనా చెప్పించవచ్చు, పెడల్‌తో చెప్పించలేం. లక్ష తిరిగిన బండిలో ఆ రబ్బరు బోడిగుండు అవుతుంది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. డ్రైవరు ఎక్కేటప్పుడు రాసుకుపోయే సీటు అంచు చూశాను, తోలు మీద ముడత లేదు. స్టీరింగు చేతుల జిడ్డుకు మెరవలేదు. డిక్కీలో స్టెప్నీ టైరుకు ఫ్యాక్టరీలో వచ్చిన రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. తలుపు రబ్బర్లకు అతుక్కోకుండా టాల్కం పౌడరు రాసి ఉంది. బండి బరువంతా టైర్ల మీద పడకుండా కింద చెక్కదిమ్మెలు పెట్టి ఉన్నాయి. మోసం ఎక్కడెక్కడ దాక్కుంటుందో నాకంటే బాగా తెలిసినవాడు చిత్తూరులో లేడు. గంటసేపు వెతికాను. దొరకలేదు.

"తప్పయిపోయింది అన్నా" అన్నాను లేచి. మనస్ఫూర్తిగా అన్నాను.

ఆయన చల్లబడ్డాడు. ఆదివారం తెల్లారగట్ల తప్ప బండి బయటికి తీసేవాడు కాదట. వానలో తీయలేదు, కాయల లారీలు తిరిగే సీజన్లో తీయలేదు, ఏ పెళ్ళికీ ఎవరికీ ఇవ్వలేదు. ఆయుధపూజకు కూడా బానెట్ మీద తమలపాకు పరిచి, ఆకు మీదే బొట్టు పెట్టేవాడు. పసుపు మరక రంగుకు పట్టుకుంటుందని భయం. ఆ మాట విన్నాక ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. ఒక వస్తువును అంతగా చూసుకున్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

"ధర సంగతి తరవాత సూద్దాం అబ్బా. ఆ అంకెను నమ్మినోడికే ఇస్తా. నమ్మనోడి సేతిలో పెడితే నా పాతికేళ్ళూ అబద్ధమైపోతాయి" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. ప్రతి శుక్రవారం వెళ్ళి ఇంజను స్టార్టు చేసేవాణ్ణి. ఆ గొంతు వినడానికి వేరే పనులు మానుకున్నాను. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి మనుషులను తీసుకొచ్చాను. అందరూ కారును చూసి నోరు తెరిచారు, మీటరు చూసి నా వైపు తిరిగి కన్ను గీటారు. జీవితంలో మొదటిసారి నిజం చెప్తున్నాను, వినే దిక్కు లేదు. ఒక్కరైనా నమ్మితే చాలునని ఆయనకంటే నాకే ఆత్రం ఎక్కువైంది.

చివరికి తిరుపతి నుంచి ఒక పంటి డాక్టరు వచ్చాడు. ఆరేళ్ళ కిందట నా దగ్గరే ఒక తెల్ల కారు కొన్న మనిషి. అది మళ్ళీ మెకానిక్ దగ్గర ఉందని బస్సులో వచ్చాడు. ఎర్ర కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, పసిపిల్లను తాకినట్టు తలుపును తాకాడు. తరవాత మీటరు చూసి నిట్టూర్చాడు.

"ఇది నిజం సార్" అన్నాను.

"కాణిపాకంలో ప్రమాణం సేస్తావా?"

మా జిల్లాలో అంతకు మించిన సవాలు లేదు. అక్కడి వినాయకుడి ముందు తలస్నానం చేసి అబద్ధం చెప్పే ధైర్యం ఎంత ముదురుకైనా ఉండదు. ఈ ప్రశ్న నన్ను ఎందరో అడిగారు, ప్రతిసారీ జోకు వేసి తప్పించుకున్నాను. ఆ రోజు మాత్రం "ఇప్పుడే పదండి" అన్నాను. పెద్దాయన మొహం వెలిగిపోయింది.

డాక్టరు నన్నే చూస్తున్నాడు. "సరే. ఆడనే నా తెల్ల కారుకు కూడా సేసెయ్యి."

పెద్దాయన ఎదురుగానే ఉన్నాడు. జోకు ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. వేసి ఉంటే ఈ కారు గురించి చెప్పిన నిజం కూడా ఆ జోకుతోపాటే పోయేది.

"దానికి సెయ్యలేను సార్. దాన్ని తిప్పించినాను. లక్షా ఎనభై వేలు తిరిగిన టాక్సీ అది. దీన్ని తిప్పలేదు."

డాక్టరు మళ్ళీ వంగి మీటరు చూశాడు. ఈసారి కన్ను గీటలేదు. "కాణిపాకం అక్కర్లేదు. నేను తీసుకుంటా" అన్నాడు, నాతో కాదు, పెద్దాయనతో.

ఇద్దరూ కారులో కూర్చున్నారు. పాతికేళ్ళలో మొదటిసారి పెద్దాయన పక్క సీట్లో కూర్చున్నాడు. ఇంజను మోగింది. వెళ్తూ పెద్దాయన నా వైపు చూడకుండానే "షెడ్డు తలుపు మూసి పో" అన్నాడు. ఆయన నన్ను ఏ మాటకైనా అబ్బా అని పిలిచేవాడు. టాక్సీ సంగతి విన్న ఆ పూట ఏ పిలుపూ లేదు.

తలుపు మూసి, తాళంచెవి ఇంట్లోవాళ్ళకిచ్చి బయటపడ్డాను. నా చేతి మీదుగా అంత మంచి బండి అంత మంచి మనిషికి ఎప్పుడూ పోలేదు. సంతోషపడాల్సిందే, పడ్డాను కూడా. మరుసటి శుక్రవారం పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని, వాకిట్లోకి వచ్చాక, షెడ్డులో ఆ కారు లేదనీ, ఇక ఆ ఇంటి గుమ్మం తొక్కే మొహం నాకు లేదనీ గుర్తొచ్చింది.