చెవికి చదువు

ఆస్పత్రి మేనేజరుకే నోరు మూయించిన మనిషిని, అక్కడ ఊడ్చి తుడిచే ఆయమ్మ తన సర్వీసులో ఒక్క టీచరమ్మనే చూసింది.

"పోయినసారి భాష పరీక్షలో తొమ్మిదిమంది నర్సుల్లో ఏడుగురు తప్పారు. రికార్డింగులో మాటలు రాసిన కాగితం చేతికిచ్చి వినిపించండి మేడమ్, చూసుకుంటూ వింటారు," అన్నాడాయన.

"నొప్పితో వచ్చిన రోగి కాగితం రాసుకొస్తాడా సార్?" అంది టీచరమ్మ. కాగితం ఆయనకే ఇచ్చి రికార్డింగు పెట్టింది. అయ్యాక లాక్కుని, "మాట్లాడినామెకి కోపమా, భయమా?" అంది. ఆయన దిక్కులు చూశాడు. కళ్లు పనిలో ఉంటే చెవులు కునుకు తీస్తాయి మరి. గుమ్మంలో ఆయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సరే, మీ పద్ధతే కానివ్వండి. ఈసారీ తప్పారా, క్లాసు మూసేస్తా," అని ఆయన వెళ్లిపోయాడు.

పదకొండేళ్లుగా టీచరమ్మది ఒకటే పని: ఆస్పత్రి కొలువుకు వచ్చిన పరాయి భాష నర్సులకు ఇక్కడి మాట నేర్పడం. ఏదైనా మూడుసార్లు వినిపిస్తుంది. మొదటిసారి పెన్ను ముట్టనివ్వదు; మాట్లాడేదెవరో, ఏ గొడవతో వచ్చారో చెబితే చాలు. రెండోసారి నొప్పి ఎక్కడో, ఎన్నాళ్లుగానో. మూడోసారికి గాని రాయనివ్వదు. రికార్డింగుల్లో గొంతూ ఆమెదే. మాటకీ మాటకీ మధ్య మనిషి దూరేంత సందు.

ఆ సందే కొంప ముంచింది. పరీక్ష వారం ఉందనగా వరండా తుడుస్తూ ఆయమ్మ కేకేసింది. "తడిగా ఉందే తల్లుల్లారా, అటు తిరిగి పోండి!"

నర్సులు నవ్వుతూ తలూపి, తడిమీదే బుద్ధిగా నడిచిపోయారు.

"అవి చెవులా, కమ్మలు తగిలించే కొక్కేలా?"

గొడవ విని టీచరమ్మ వచ్చింది. వెనకొచ్చే ఇద్దరితో అదే మాట తను చెప్పింది. ఇద్దరూ చటుక్కున పక్కకు తప్పుకున్నారు. ఆమె ముఖం వాడిపోయింది.

"వీళ్లకి నా గొంతే వచ్చింది ఆయమ్మా, భాష రాలేదు. కాగితం లాక్కుని, దాని చోట్లో నేను కూర్చున్నాను."

"మీలా ముత్యాలు పేర్చినట్టు మాట్లాడే రోగి ఎవరమ్మా? మేమంతా ఇలాగే వాగుతాం."

టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టింది. పదకొండేళ్లూ ఆ కుర్చీ దులపడమే గాని కూర్చున్నది లేదు ఆయమ్మ.

"రెండో తరగతి తప్పినదాన్ని, నేను పాఠమేంటి?" అంటూనే చీర సర్దుకుంది.

టీచరమ్మ ఫోనులో రికార్డింగు నొక్కి ఆమె ముందు పెట్టింది.

"నీ మోకాళ్ల నొప్పి గురించి చెప్పు. కోడల్ని తిడుతూ, దగ్గుతూ, సగం మాట మింగేస్తూ, ఇంట్లో ఎలా చెప్తావో అలాగే. నా మీద ఒట్టు, ఒక్క ముక్క కూడా నెమ్మదిగా చెప్పకు."